జరం లేదన్నాను

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. చిన్న మాట. "లేదు" అని. అనడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. మోయడం మాత్రం మొదటి లాక్‌డౌన్ నాటి నుంచి ఈ రోజుదాకా ఒక్క పూట కూడా ఆగలేదు.

ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. నాకు కావలసింది కూడా అదే. నా పేరు రాయను, మిగతావాళ్ల పేర్లు మార్చాను. అయిజలో బట్టలు కుడతాను. ఇంటర్ దాకా చదివాను. మాది చర్చికి పోయే కుటుంబం. ఏడాది చివర మా సంఘంలో సాక్ష్యాలు చెప్పిస్తారు. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పాలి. నేను ప్రతిసారీ ఒకటే చెబుతాను: దారులన్నీ మూసేసిన రోజుల్లో, రెండు రాష్ట్రాలూ రావద్దన్న రోజుల్లో, ఒక చేపల మనిషి తన పుట్టి పడవలో మమ్మల్ని తుంగభద్ర ఎలా దాటించాడో. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. అందరూ స్తోత్రం అంటారు. నేను చెప్పేదంతా నిజమే. ఒక్కచోట మాత్రం ఒక ముక్క దాటేసి పోతాను. ఇన్నేళ్లలో ఆ దాటడం ఎంత బాగా వచ్చిందంటే, అక్కడ ఏదో తెగిందని ఎవరికీ తెలియదు.

ముందే ఒకటి చెప్పాలి. ఇందులో మాకు చెడు చేసినవాళ్లు ఒక్కరు కూడా లేరు. ఆ రోజు ఎదురైన ప్రతి మనిషీ మాకు మేలే చేశాడు. వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ నిండిపోతుంది. ఆ మేలు తక్కువదైతే నా బరువు కూడా తక్కువగా ఉండేదేమో.

నా భర్తను సామేలు అంటాను. తాపీ పని చేస్తాడు. అప్పుడు మేము కర్నూలులో అద్దె గదిలో ఉండేవాళ్లం. ఆయన మేస్త్రీ పనికి పోతే నేను గదిలోనే మిషన్ కుట్టేదాన్ని. మా పాపను అయిజ దగ్గరి మా ఊళ్లో అమ్మ దగ్గర ఉంచాం. అంతలో అన్నీ మూతపడ్డాయి. పనులు ఆగాయి. బస్సులు ఆగాయి. ఫోనులో పాప "ఎప్పుడొస్తరు" అని అడిగేది, మేము "రేపు" అనేవాళ్లం.

ఒక రోజు కుళాయి దగ్గర ఒకామె చెప్పింది. సామేలుతో కలిసి పనిచేసే ఒక మేస్త్రీని అంబులెన్స్‌లో తీసుకుపోయారట. వాళ్ల వీధికి అడ్డంగా కర్రలు కట్టేశారట. పనులున్నన్ని రోజులూ సామేలు అతని పక్కనే కూర్చుని, అతని డబ్బాలో అన్నం కూడా తిన్నాడు. నేను బిందె ఎత్తుకుని గదికి వచ్చాను. ఈ సంగతి సామేలుకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? భయపడతాడని అనుకున్నాను. చెబితే తానే దవాఖానకు పోయి తన పేరు ఇస్తాడని కూడా అనుకున్నాను. ఆయన అలాంటి మనిషి.

తరువాత ఆయనకు ఒళ్లు కాలడం మొదలైంది. ఎండలో రేషన్ వరుసలో నిలబడ్డందుకు అన్నాడు. నేనూ అదే అన్నాను. నోటితో అన్నాను గాని, లోపల తెలుసు. దవాఖానకు పోదామా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజుల్లో మా వీధిలో అందరూ అనుకునేది ఒకటే: తీసుకుపోతే మళ్లీ ముఖం చూపించరు, మూట కట్టి ఇస్తారు. అది నిజమో కాదో నేను తెలుసుకోలేదు. ఆయన నా కళ్ల ముందు ఉండాలి, ఇద్దరం పాప దగ్గరికి చేరాలి. నా తలలో ఇంకే ఆలోచనకూ చోటు లేకపోయింది.

ఊళ్లో ఉన్న మా అన్నకు తిమ్మప్ప అనే మనిషి తెలుసు. తుంగభద్ర అవతలి ఒడ్డున, మా జిల్లా వైపు, ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లలో చేపలు పడతాడు. ఆనకట్ట మీది దారిలో పోలీసులున్నారు. ఇటు నుంచి అటు ఒక్క మనిషిని కూడా పోనివ్వడం లేదు. అన్న ఫోనులో బతిమాలితే, తిమ్మప్ప పొద్దున్నే పుట్టి తెస్తానన్నాడట. వాళ్ల ఊరివాళ్లు అప్పటికే దారికి అడ్డంగా ముళ్ల కంప వేసి, కర్నూలు వైపు నుంచి ఎవరొచ్చినా ఊళ్లోకి రానివ్వకూడదని తీర్మానం చేసుకున్నారు. అతను ఊరి మాటకు ఎదురుపోయి వస్తున్నాడు. ఎవరి కోసం? పేరు కూడా తెలియని మా కోసం.

పాల వ్యాను అతను ఒకాయన జాలిపడి మమ్మల్ని కొంత దూరం తెచ్చి దింపాడు. అక్కణ్నుంచి చేలగట్ల మీద నడిచాం. సామేలు నా భుజం పట్టుకుని నడిచాడు. ఏటి ఒడ్డున తుమ్మచెట్ల చాటున కూర్చోబెట్టి జ్వరం గోలి మింగించాను. తువ్వాలు నీళ్లలో ముంచి పిండి తలకు చుట్టాను. చూసేవాళ్లకు ఎండకు చుట్టుకున్నట్టు ఉంటుంది. ముట్టుకుంటే నుదురు చల్లగా తగులుతుంది. ఇదంతా నేను తెలిసి చేశాను. కంగారులో చేశానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కంగారులో ఉన్న మనిషి అంత జాగ్రత్తగా తువ్వాలు చుట్టదు.

పుట్టి పెద్ద గంపలా గుండ్రంగా ఉంటుంది, ఒక్క తెడ్డుతో నడుపుతారు. ఎండ ఎక్కుతుండగా తిమ్మప్ప వచ్చాడు. నడి వయసు మనిషి, మూతికి లుంగీ గుడ్డ కట్టుకున్నాడు. పుట్టిని ఒడ్డుకు ఆనించకుండా కొంచెం దూరంలోనే నిలిపాడు.

"చెల్లె, ఒక మాట అడుగుత, నిజం చెప్పాలె. ఆయనకు జరం ఉన్నదా?" అన్నాడు.

నేను నోరు తెరవకముందే మళ్లీ తనే అన్నాడు. "ఉంటె ఉన్నదని చెప్పు. ఉన్నా దాటిస్త, ఇడిసిపెట్టి పోను. గాని ఇంటికి తీస్కపోను. మా అమ్మ ముసల్ది. మా దిక్కు గట్టుమీద నీడ ఉంది, ఆడ పండవెడ్త. తిండి ఆడికే తెస్త."

"లేదన్నా" అన్నాను. "ఎండల నడిచి తల తిరుగుతుంది, గంతే."

అతను నా ముఖంలోకి కొంచెంసేపు చూశాడు. "సరె. ఎక్కుర్రి" అని పుట్టిని దగ్గరికి నెట్టాడు.

ఇదే నేను దాటేసే ముక్క.

మీరు గమనించారా? ఉన్నా దాటిస్తానన్నాడు. నేను నిజం చెప్పినా మేము ఏరు దాటేవాళ్లం. ఆ సాయంత్రానికి మా అన్న వచ్చేవాడు. సామేలు గట్టు మీద నీడలో పడుకునేవాడు, నేను తువ్వాలు తడుపుతూ పక్కన కూర్చునేదాన్ని. ఏమీ తక్కువయ్యేది కాదు. నా అబద్ధం నాకు ఏ పనికీ రాలేదు. మరి ఎందుకు ఆడాను? ఎన్నో ఏళ్లు ఆలోచిస్తే తేలింది ఇంతే: అతని మాట నేను నమ్మలేదు. జరం ఉందంటే తెడ్డు తిప్పుకుని పోతాడనుకున్నాను. నేనైతే పోయేదాన్ని గనక. నాలో లేని మంచితనం ఇంకొకరిలో ఉంటుందని నాకు తోచలేదు.

ఆ ఏరు దాటడం మాత్రం ఎంత బాగుందో చెప్పకుండా ఉండలేను. నీళ్లు కదలకుండా పరుచుకుని ఉన్నాయి. పుట్టి మెల్లగా తిరుగుతూ పోయింది, దానితో పాటు రెండు ఒడ్లూ మా చుట్టూ తిరిగాయి. సామేలు అంత నీరసంలోనూ నవ్వాడు. "ఏది ఆంధ్రనో ఏది తెలంగాణనో తెలుస్తలేదే" అన్నాడు. తిమ్మప్ప కూడా నవ్వాడు. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. పాపను చూస్తానని అప్పుడు నమ్మకం కుదిరింది.

అవతల దిగాక సామేలు నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. జరం లేదు గదా అని తిమ్మప్ప ఆయన్ను భుజాన వేసుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. ఊరికి దూరంగా, వలలు ఆరేసుకునే చోట రేకుల కొట్టం. అక్కడ తిమ్మప్ప, అతని తల్లి ఈరమ్మ. భార్య, బిడ్డ ఊళ్లోని ఇంట్లో ఉన్నారట.

ఈరమ్మ సన్నగా, వంగిపోయి ఉండేది. సామేలును నులక మంచం మీద పడుకోబెట్టమంది. తలకు చుట్టిన తడి తువ్వాలు తీసేసింది. నుదురు మీద చెయ్యి పెట్టింది. పెట్టి, తియ్యలేదు. మెల్లగా నా వైపు తిరిగి చూసింది. గోలి బలం అప్పటికి తగ్గుతూ ఉంది.

వాకిట్లో నుంచి ఎట్లుందమ్మా అని తిమ్మప్ప అడిగాడు. "ఎండ దెబ్బరా. జర సల్లవడితె లేస్తడు" అని అరిచి చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి నాతో, "జరం గుంజుతుంది బిడ్డా. ఊకో, వాడు పరేషాన్ అయితడు" అంది.

అప్పుడైనా చెప్పొచ్చు. అవ్వా, ఇది ఆ జరమేనేమో, దూరం జరుగు, అనొచ్చు. ఆమె జ్వరాలు చూసిన మనిషి. మామూలు జ్వరమనుకుంది. కర్నూలులో ఆ మేస్త్రీ సంగతి ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నేను తల దించుకున్నాను. ఆమె ఉల్లిగడ్డ నలిపి ఆయన అరికాళ్లకు రాసింది. జొన్న అంబలి పలుచగా కలిపి చెంచాతో పోసింది. మూతికి కొంగు కూడా కట్టుకోలేదు. ఆయన దగ్గితే వీపు రాసింది. నాకు రొట్టె, ఉల్లికారం పెట్టి, కాసేపు నడుము వాల్చమంది. నేను పడుకున్నాను. నిద్రపోయాను. లేచేసరికి పొద్దు వాటారుతోంది, ఆమె ఇంకా మంచం పక్కనే కూర్చుని విసనకర్ర ఊపుతోంది.

మా అన్న మోటర్ సైకిల్ మీద వచ్చాడు. సామేలును మధ్యలో కూర్చోబెట్టుకుని చేల దారుల్లో ఊరు చేరాం. తిమ్మప్ప కిరాయి మాటే ఎత్తలేదు. ఈరమ్మ నా తల నిమిరింది.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి చెయ్యి ఆడడం లేదు. ఊరు చేరాక నేను సామేలును ఇంట్లోకి తీసుకుపోలేదు. మా చేలోని గుడిసెలో ఉంచాను. రెండు వారాలు అమ్మను, పాపను ఆ దరిదాపులకు రానివ్వలేదు. పాప గట్టు మీద నిలబడి నాన్నా అని పిలిచేది, అక్కణ్నుంచే పంపేసేదాన్ని. అన్నం గిన్నెలు వేరు. నీళ్ల కుండ వేరు. అందరూ నా జాగ్రత్తను మెచ్చుకున్నారు. నా తల్లిని, నా బిడ్డను ఎలా కాపాడుకోవాలో నాకు అంత బాగా తెలుసన్నమాట. అదే తెలివి ఒక పూట ముందు, ఇంకొకరి తల్లి దగ్గర, ఏమైంది?

సామేలు లేచాడు. మెల్లగా కోలుకున్నాడు. పరీక్ష చేయించలేదు, అది ఆ రోగమో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నేను మోకాళ్ల మీద పడి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

అంతలో అన్న వచ్చి చెప్పాడు. తిమ్మప్ప తల్లి చనిపోయిందట. జ్వరం వచ్చి, ఆయాసం ఎక్కువై. బండ్లు లేవు, దవాఖానకు తీసుకుపోయే దారి లేదు. ఊరివాళ్లు భయపడి దగ్గరికి రాలేదు. తిమ్మప్ప, అతని బామ్మర్ది ఇద్దరే ఆమెను మోసుకుపోయారట.

నా వల్లనేనా? ఎన్ని లెక్కలు వేసుకున్నానో. ముసలి ప్రాణం. తిమ్మప్ప చేపలు అమ్ముతూ ఎంతమందిని కలిశాడో. అతనికి ఏమీ కాలేదు గదా. ఎండాకాలంలో ముసలివాళ్లు పోతూనే ఉంటారు. ఈ మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఒక్కటి కూడా నన్ను నిద్రపోనివ్వలేదు. రోగం ఎటునుంచి వచ్చిందో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. అది పక్కన పెడదాం. తల్లిని దూరంగా ఉంచుకోవడానికి ఒక కొడుకు నన్ను ఒక్క మాట అడిగాడు. ఆ మాట నేను ఇవ్వలేదు. ఇది మాత్రం తెలుసు.

వానాకాలం వచ్చాక, దారులు తెరిచాక, తిమ్మప్ప మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో చేపల సంచి. గొరిగించుకున్న తల మీద జుట్టు అప్పుడప్పుడే పెరుగుతోంది. సామేలు లేచి తిరగడం చూసి ఎంత సంతోషపడ్డాడో. పడకేసిన రోజుల్లో కూడా వాళ్లమ్మ అడిగేదట, ఆ పిల్ల మొగడు లేచిండా అని. మా అన్నకు ఫోను చేసి కనుక్కుని లేచిండని చెబితే, మంచిగైంది అందట. అది చెబుతూ అతను కళ్లు తుడుచుకున్నాడు. సామేలు అతని చేతులు పట్టుకుని ఏడ్చాడు. నేను చాయ్ పెడతానని లోపలికి పోయాను.

అప్పటి నుంచి అతను నాకు అన్న లాంటివాడు. మంచి వల పడిన రోజు మాకు చేపలు పంపిస్తాడు. వాళ్ల బిడ్డ పెళ్లికి బట్టలు నేనే కుట్టాను. మల్దకల్‌లో తిమ్మప్ప స్వామి జాతరకు పోతే మా పాపకు గాజులు తెస్తాడు. మేము ఆ దేవుణ్ని మొక్కమని అతనికి తెలుసు, అందుకే ప్రసాదం తేకుండా గాజులు తెస్తాడు. ఇంత తెలిసిన మనిషి. అతను వచ్చిన ప్రతిసారీ చెప్పాలనుకుంటాను. గొంతుదాకా వస్తుంది. చెల్లె అని పిలుస్తాడు. ఆగిపోతుంది.

ఈమధ్య అతని మనవరాలికి తొట్టెల, అంటే ఉయ్యాలలో వేసే వేడుక, చేశారు. మమ్మల్ని పిలవడానికి తనే నా కుట్టు దుకాణానికి వచ్చాడు. ఆ పసిపాపకు ఏదో కొత్త పేరు రాయించారట గాని ఇంట్లో అందరూ ఈరమ్మ అనే పిలుస్తారట. "మా అమ్మ ఆఖరుకు చేసిన మంచి పని మీ ఆయనను సూసుకునుడు. పిల్లను తొట్టెల నువ్వే పండవెట్టాలె చెల్లె" అన్నాడు.

పోయాం. ఊళ్లో ఇల్లు, నిండా చుట్టాలు. పసిపాపను నా చేతుల్లో పెట్టారు. అంతమంది చూస్తుండగా ఆ బిడ్డను తొట్టెలలో పడుకోబెట్టాను. తిమ్మప్ప నా వైపు చూసి తల ఊపాడు. ఆ చూపులో ఉన్న నమ్మకాన్ని మోయడం ఇంక నా వల్ల కాలేదు.

తిరిగి వస్తుంటే వడ్డేపల్లి దాటాక బండి ఆపమన్నాను. మిట్ట మధ్యాహ్నం, రోడ్డు మీద ఎవరూ లేరు. దాహమేసిందనుకుని సామేలు నీళ్ల సీసా తీశాడు. అప్పుడు చెప్పాను. మేస్త్రీ సంగతి, గోలి సంగతి, తువ్వాలు సంగతి. తిమ్మప్ప అడిగింది, నేను అన్నది. నిలబడే చెప్పాను, ఒక్క ఊపున.

ఆయన నీళ్ల సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. లేదంటే, నా కోసమే గదా చేసినవ్ అంటాడనుకున్నాను. లోపల ఎక్కడో ఆ మాట కోసం ఆశపడ్డానేమో కూడా.

"నాకు తెలిసుంటె గట్టుమీదనే పండుకునేటోన్ని" అన్నాడు.

అంతే అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత తిమ్మప్పకు ఎప్పుడు చెబుతావని అడిగాడు. తెలియదన్నాను. నేను చెప్పనా అని అడగలేదు. చెప్పొద్దనీ అనలేదు. బండి స్టార్ట్ చేసి, ఎక్కమన్నట్టు చూశాడు. దారిలో ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తీసెయ్యలేదు.

ఆ ఇద్దరి పట్ల నా మనసులో ఉన్న కృతజ్ఞతను ఎంత చెప్పినా తరగదు. వాళ్ల వల్ల నా భర్త బతికి ఉన్నాడు, నా బిడ్డకు తండ్రి ఉన్నాడు. ఇన్నేళ్లూ ఆ కృతజ్ఞత చెప్పుకోవడానికి కూడా నాకు నోరు పూర్తిగా రాలేదు. సగం దాచి చెప్పే దండం దండమవుతుందా?

తిమ్మప్ప క్షమిస్తాడో లేదో తెలియదు. క్షమించమని అడిగే హక్కు నాకుందో లేదో కూడా తెలియదు. చెబితే చెల్లె అని పిలవడం మానేస్తాడేమో, చేపల సంచి రావడం ఆగిపోతుందేమో. ఆగితే ఆగనీ. అతను అడిగింది నిజం. అది అతనికి చేరాలి. దుకాణంలో మిషన్ పక్కన పెట్టి ఈ పొద్దు ఇదంతా రాశాను. ముందు మీకు చెప్పాను, నోరు తిరగడానికి. నా భర్తకు జరం ఉండింది, అది నాకు తెలుసు, తెలిసీ లేదన్నాను. రాసి చూసుకుంటే ఒక్క వరుస. ఇన్నేళ్లకు ఊపిరి అడుగుదాకా పోయి వచ్చింది.